నూనెతో నడిచే లారీకి ఫ్యూయెల్ ప్రెషర్ గేజ్ కావాలా, వద్దా?

ఏనుమాముల లోడు:
మాది ఇన్‌లైన్ పంపు (సిలిండర్‌కో ప్లంజర్ చొప్పున వరసగా ఉండే ఇంజెక్షన్ పంపు) ఉన్న పాత లారీ. రెండో ట్యాంకు బిగించి, హోటళ్లలో వాడేసిన వంటనూనెను వడగట్టి వాడుతున్నాం. డీజిల్‌తో స్టార్ట్ చేసి, ఇంజన్ వేడెక్కాక నూనెకు మారుస్తాం. ఆపే ముందు మళ్లీ డీజిల్. ఆటోనగర్‌లో మా మెకానిక్ ప్రెషర్ గేజ్ దండగ అంటున్నాడు, పికప్ తగ్గితే కాలికే తెలుస్తుందట. నాకు మాత్రం గేజ్ లేకుండా లోడు మీద పోవాలంటే టెన్షన్‌గా ఉంది. మీరేమంటారు?

హనుమకొండ పాతబండి:
కచ్చితంగా పెట్టించండి అన్నా. 40 డిగ్రీల దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్ మధ్య ఉంటే, వంటనూనెది 30 దాటుతుంది. పైగా హోటల్ నూనెలో పిండి, మాడిన ముక్కలు, మడ్డి. ఫిల్టర్ ఒక్కసారిగా కాదు, కొంచెం కొంచెంగా పూడుతుంది. డ్రైవర్ కాలు దానికి అలవాటు పడిపోతుంది, గేజ్ ముల్లు అలా అలవాటు పడదు.

నిర్మల్ ఘాట్ రూట్:
నేను ఒప్పుకోను తమ్ముడూ. ప్రెషర్ ఉన్నంత మాత్రాన నూనె సరిపడా అందుతున్నట్టు కాదు. చల్లటి చిక్కటి నూనెకు రిటర్న్ వైపు (ట్యాంకుకు తిరిగిపోయే పైపులోకి) పోవడమే కష్టం, కాబట్టి ముల్లు బాగానే నిలబడుతుంది. పంపులో నూనెను తోసే ప్లంజర్లు మాత్రం నిండుగా నిండవు. నాజిల్ దగ్గర తుంపర సరిగ్గా రాక కార్బన్ కడుతుంది, పిస్టన్ రింగులు పట్టేస్తాయి, కాలని నూనె ఇంజనాయిల్‌లోకి దిగి దాన్ని చిక్కబరుస్తుంది. వీటిలో ఒక్కటైనా ప్రెషర్ గేజ్ చెబుతుందా? ఆదిలాబాద్ వైపు చలికాలం తెల్లవారుజామున పామాయిల్ ట్యాంకులోనే తెల్లగా పేరుకుంటది. ముందు రేడియేటర్ నీళ్లతో పనిచేసే హీటర్, దాంతోపాటు టెంపరేచర్ గేజ్. పంపు దగ్గర 70 డిగ్రీలు రాకుండా నూనెకు మార్చే స్విచ్ ముట్టుకోవద్దు. ఇంకా డబ్బులు మిగిలితే ప్రెషర్ గేజ్ సంగతి చూడొచ్చు.

భూపాలపల్లి టిప్పర్:
చదివేవాళ్లకు ఒక మాట. ఇదంతా పాత పంపు బండ్లకే. బీఎస్6 కామన్ రైల్ (బాగా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే కొత్త రకం) బండిలో నూనె పోయకండి, అక్కడ ఇంజెక్టర్ల ఖర్చు భరించలేరు.

హనుమకొండ పాతబండి:
వేడి విషయంలో మీ మాట నిజమే అన్నా. కానీ 75 డిగ్రీల దగ్గరే ఫిల్టర్ మూసుకుపోతే మీ టెంపరేచర్ గేజ్‌కు తెలుస్తుందా? అసలు తేడా అంతా ప్రెషర్ గేజ్ ఎక్కడ బిగిస్తామన్న దాంట్లో ఉంది. మన పాత లారీల్లో ఫీడ్ పంపు ట్యాంకులోంచి లాగి ఫిల్టర్లలోకి తోస్తుంది. ఫీడ్ పంపుకు, ఫిల్టర్లకు మధ్య గేజ్ పెడితే, ఫిల్టర్ పూడేకొద్దీ ముల్లు పైకి పోతుంది. చూసినవాడు అంతా బాగుందనుకుంటాడు, అవతల ఇంజెక్షన్ పంపు ఎండిపోతుంటుంది. చాలామంది గేజ్ దండగ అనేది ఇలాంటి బిగింపు చూసే. రెండో ఫిల్టర్ దాటాక, ఇంజెక్షన్ పంపు ఇన్‌లెట్ బాంజో బోల్టు (పైపును పంపుకు కలిపే బోలు బోల్టు) దగ్గర పెట్టాలి.

ఫిల్టర్లు కొత్తవి వేసి, ఇంజన్ వేడి మీద ఉండగా డీజిల్‌తోనే ఐడిల్‌లో ఒకసారి, లోడు మీద ఒకసారి ముల్లు ఎక్కడుందో గేజ్ అద్దం మీద మార్కర్‌తో గీత పెట్టుకోండి. నూనె మీద పోతున్నప్పుడు ముల్లు ఆ లోడు గీత కిందికి జారితే వెంటనే డీజిల్‌కు మార్చి ఫిల్టర్ చూడండి. ముల్లు వణికితే ఎక్కడో గాలి లాగుతోందేమో చూడాలి. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న జాయింట్లతో మొదలుపెట్టండి.

గేజ్‌కు రాగి పైపు మాత్రం వద్దు. రాగి తగిలితే నూనె త్వరగా చెడి జిగురు కడుతుంది. నూనె పైపును క్యాబిన్‌లోకి కూడా తేవద్దు, అది పగిలితే వేడి నూనె డ్రైవర్ కాళ్ల మీద పడుతుంది. సెండర్ (ఒత్తిడిని కొలిచి వైరు ద్వారా గేజ్‌కు పంపేది) బయటే బిగించి వైరు ఒక్కటి లోపలికి తీసుకోండి.

నిర్మల్ ఘాట్ రూట్:
బాంజో దగ్గర అంటే ఒప్పుకుంటా. అయినా ఒక్క గేజ్‌కే డబ్బులుంటే నేను టెంపరేచర్‌దే కొంటా. మహబూబ్ ఘాట్ ఎక్కేటప్పుడు ఫిల్టర్ పూడితే బండి ఆగుతుంది, ఫిల్టర్ మార్చి పోతాం. చల్లటి నూనెతో నడిపితే ఇంజనే విప్పాల్సి వస్తది.

ఏనుమాముల లోడు:
హీటర్ ముందే వేయించాం అన్నా, టెంపరేచర్ మాత్రం చూసుకోవట్లేదు. అయితే రెండు సెండర్లూ పంపు ఇన్‌లెట్ దగ్గరే పెట్టిస్తా. అక్కడ రెండింటికీ చోటు చాలకపోతే ఏది ఫిల్టర్ వైపు జరపాలి?

హనుమకొండ పాతబండి:
టెంపరేచర్‌ది జరపండి. ఆ కాస్త దూరంలో వేడి పెద్దగా మారదు. ప్రెషర్‌ది మాత్రం ఫిల్టర్ దాటాకే ఉండాలి.