డిపోకి ఎలక్ట్రిక్ బస్సులు: "సిద్ధంగా ఉన్నారా" అన్న కాగితంలో నిజం ఎలా రాయాలి?

గ్యారేజీ సూపర్‌వైజర్, కోస్తా:

అందరికీ నమస్కారం. ఆర్టీసీ గ్యారేజీలో 23 ఏళ్లుగా పనిచేస్తున్నాను. మాది కోస్తాలో ఒక జిల్లా కేంద్రం డిపో, ఊరి పేరు వద్దు. మొత్తం 78 బస్సులు, అందులో 16 అద్దెవి. మా డిపోకి 50 ఎలక్ట్రిక్ బస్సులు ఇచ్చే ఆలోచన ఉందని, డిపో ఎంతవరకు సిద్ధంగా ఉందో వారంలో రాసి పంపమని పైనుంచి ఒక ఫారం వచ్చింది. మా మేనేజర్ గారు దాన్ని నా చేతిలో పెట్టి, "రోజూ గ్యారేజీలో ఉండేది నువ్వు, నువ్వే రాయి" అన్నారు.

ఫారం రెండు పేజీలు. ఖాళీ స్థలం ఎంత, చార్జర్లు ఎన్ని కావాలి, కరెంటు కనెక్షన్ ఉందా, సిబ్బందికి శిక్షణ కావాలా. చాలావాటికి "అవును", "కాదు" అని టిక్కు పెట్టే గళ్లే ఉన్నాయి. కరెంటు ఉందా అంటే ఉంది. ఎయిర్ కంప్రెషర్లు, వాషింగ్ పంపు, ఆఫీసు లైట్లు దానిమీదే నడుస్తున్నాయి. దాని పక్కన "అవును" అని టిక్కు పెట్టడానికి చెయ్యి రావడం లేదు.

ఎందుకో చెబుతాను. ఇదివరకు నేను పనిచేసిన ఇంకో డిపోలో బస్సులు కడిగే పెద్ద మెషీన్ పెట్టడానికి ఇలాంటి కాగితమే వచ్చింది. నీళ్లు ఉన్నాయా అంటే ఉన్నాయని రాశారు. బోరు ఉంది కాబట్టి అది అబద్ధం కాదు. మెషీన్ వచ్చాక చూస్తే ఆ బోరు గంటకు నాలుగు బస్సులకు కూడా చాలలేదు. బ్రష్షులు ఎండకి పెళుసెక్కి రాలిపోయాయి, కుర్రాళ్లు మళ్లీ పైపు పట్టుకుని కడిగారు. ఆ తుప్పు పట్టిన ఫ్రేము పక్కనుంచి మూడేళ్లు డ్యూటీకి వెళ్లాను.

హైదరాబాద్‌లో 2019లోనే 40 ఎలక్ట్రిక్ బస్సులు దిగాయి. తిరుపతికి 2022 నుంచి 100 ఇచ్చారు, వాటిలో చాలా కొండకే నడుస్తున్నాయి. కాబట్టి అయ్యే పనే. నాకు కావలసింది ఒక్కటే. ఒక డిపో సిద్ధంగా ఉందని చెప్పాలంటే ముందు ఏం లెక్క వెయ్యాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

---

కరెంటు డిపార్ట్‌మెంటులో రిటైరయినవాడిని:

తమ్ముడూ, ఆ గడిలో టిక్కు పెట్టకు. దాని కింద అంకెలు రాయి.

చార్జర్లు ఎన్ని అన్న ప్రశ్న దగ్గర మొదలుపెడితే లెక్క తప్పుతుంది. ముందు రోజుకి ఎన్ని యూనిట్లు కావాలో చూడు. పెద్ద ఏసీ సిటీ బస్సుకి కిలోమీటరుకు 1.2 యూనిట్లు పట్టుకో. 50 బస్సులు, ఒక్కోటి రోజుకి 200 కిలోమీటర్లు అంటే 12,000 యూనిట్లు. చార్జింగ్‌లో పోయేది 8 శాతం కలుపుకుంటే దాదాపు 13,000. బస్సులన్నీ రాత్రి 11కి లోపలికి వచ్చి తెల్లవారి 5కి బయటికి వెళ్తాయనుకో. చేతిలో ఉన్నది 6 గంటలు. అంటే ఆ 6 గంటలూ 2,170 కిలోవాట్లు ఆగకుండా లాగాలి. కేవీఏలోకి, అంటే కనెక్షన్ సామర్థ్యాన్ని కొలిచే లెక్కలోకి మారిస్తే 2,280 వస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే. మన రెండు రాష్ట్రాల్లోనూ మామూలుగా 11 కేవీ (11 వేల ఓల్టుల) లైను మీద 1,500 కేవీఏ దాకానే ఇస్తారు. అది దాటితే 33 కేవీ అడుగుతారు. 33 కేవీ అంటే లైను ఏ రోడ్డు వెంట రావాలి, ఎవరి స్థలం దాటాలి, రైల్వే క్రాసింగ్ ఉందా, ఇవన్నీ వస్తాయి. నా సర్వీసులో కనెక్షన్ ఆలస్యమైన చోటల్లా ట్రాన్స్‌ఫార్మర్ దొరక్క ఆగింది తక్కువ, స్తంభం పాతడానికి దారి దొరక్క ఆగిందే ఎక్కువ.

అదే మధ్యాహ్నం సర్వీసులు పలచబడినప్పుడు 4 గంటల్లో 5,000 యూనిట్లు ఎక్కించగలిగితే రాత్రికి 8,000 మిగులుతాయి. అప్పుడు 1,400 కేవీఏతో సరిపోతుంది. బస్సులు అవే, డిపో అదే, లైను మాత్రం మారిపోయింది. కాబట్టి నీ డిపో సిద్ధంగా ఉందో లేదో ముందు చెప్పేది డ్యూటీ చార్టు. దాన్ని ముందేసుకుని కూర్చో.

ఇంకో మాట. ఈవీ (ఎలక్ట్రిక్ వాహనాల) చార్జింగ్‌కి టారిఫ్‌లో వేరే కేటగిరీ ఉంది. డిపోకి ఇప్పుడున్న మీటరుతో కలపకుండా వేరే కనెక్షన్ అడుగు. ట్రాన్స్‌ఫార్మర్, ప్యానెళ్లు పెట్టే దిమ్మె ఎత్తు కూడా రాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది కదా. మీ డిపోలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడ మీద మరక చూస్తే తెలుస్తుంది. దానికి పైన రెండడుగులైనా ఉండాలి.

---

ఘాట్ డ్రైవర్, తిరుపతి:

అన్నా, నేను కొండకి ఎలక్ట్రిక్ బస్సు తోల్తాను. పెద్దాయన కిలోమీటరుకు 1.2 అన్నారు, చదును రోడ్డు మీద అది సరే. మీ డిపో రూట్లలో ఫ్లైఓవర్లు, ఎత్తులు ఉంటే వేరేగా చూడండి.

మాకు కొండ ఎక్కేటప్పుడు బ్యాటరీ శాతం కళ్లముందే దిగిపోతుంది. డీజిల్ బస్సులో ముల్లు అంత తొందరగా కదలదు, అందుకే కొత్తగా వచ్చిన డ్రైవర్లకి మొదటి వారం టెన్షన్. దిగేటప్పుడు కాలు తీస్తే చాలు, మోటారే బస్సుని పట్టుకుంటుంది, పోయినదాంట్లో కొంత బ్యాటరీలోకి తిరిగి వస్తుంది. అయితే బ్యాటరీ నిండుగా ఉంటే అది లోపలికి తీసుకోదు. పైన నిండా చార్జి పెట్టుకుని దిగడం మొదలుపెడితే ఆ లాభం పోతుంది, బ్రేకు మీద భారం పడుతుంది. మాకు చార్జింగ్ కింద అలిపిరిలో ఉంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. చార్జర్ ఏ చోట పెట్టాలన్నది కూడా రూటును బట్టే.

రాత్రి బస్సుల్ని మార్చేదెవరో కూడా రాయండి. ఒక చార్జర్ గన్ను (బస్సుకి తగిలించే ప్లగ్గు) కింద బస్సు నిండితే తీసి, వెనకది పెట్టాలి. తెల్లవారుజామున 2కి ఆ పని చేసే మనిషి లేకపోతే ఎన్ని చార్జర్లున్నా నిండిన బస్సు నిండినట్టే నిలబడి ఉంటుంది, వెనకది ఖాళీగా డ్యూటీకి వస్తుంది. లైనులో నిలబెడితే ముందున్న బస్సు కదలందే వెనకది రాదు. అడ్డంగా, దేనికది తీసేలా నిలపాలి. దానికి స్థలం ఎక్కువ పడుతుంది. ఫారంలో అడిగిన గజాలు ఆ లెక్కన వేయండి.

---

ట్రాన్సిట్ ప్లానర్, టెక్సాస్:

నమస్తే అండీ. మాది గుంటూరు, పదేళ్లుగా ఇక్కడ బస్సుల ప్లానింగ్‌లో ఉన్నాను. మీ పోస్టు చదువుతుంటే మా దగ్గర జరిగిందే గుర్తొచ్చింది.

అమెరికాలో 2021 నాటి మౌలిక వసతుల చట్టం తర్వాత ఎలక్ట్రిక్ బస్సులకి కేంద్రం నుంచి గ్రాంటు అడిగే సంస్థ ముందుగా మార్పు ప్రణాళిక ఒకటి రాసివ్వాలి. అందులో ఆరు సంగతులు ఉండాలి. దీర్ఘకాలంలో బస్సులన్నిటినీ ఎలా మారుస్తారు, డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, చట్టాలు, నియమాలు ఏం చెబుతున్నాయి, ఇప్పుడున్న డిపోలు ఎలా ఉన్నాయి, కరెంటు కంపెనీతో ఎలా కలిసి పనిచేస్తారు, ఇప్పుడున్న కార్మికుల మీద దీని ప్రభావం ఏమిటి. చివరి రెండే నాకు అన్నిటికన్నా పనికొచ్చాయి. కరెంటువాళ్లు మీటింగులో తల ఊపితే చాలదు, వాళ్ల చేత కాగితం మీద రాయించుకోవాలి. మేము అడిగితే "ఈ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను) మీద ఇంతకన్నా ఇవ్వలేం" అని రాసిచ్చారు. మొదట దిగులేసింది, తర్వాత ఆ ఒక్క వాక్యమే మా ప్రణాళికను దశలుగా విడగొట్టడానికి దారి చూపింది.

హైవేల మీద చార్జింగ్ స్టేషన్ల పథకానికి కూడా ఇక్కడ రాష్ట్రాలకు అంకెలు పెట్టారు. మొదట పెట్టిన షరతుల్లో 50 మైళ్లకు ఒకటి, ఒక్కోచోట కనీసం నాలుగు, ఒక్కోటి 150 కిలోవాట్లు, ఏడాదిలో 97 శాతం సమయం పనిచేస్తూ ఉండాలి అని ఉంది. "చార్జర్ పనిచేస్తోందా" అన్న ప్రశ్నకీ, "97 శాతం పనిచేసిందా" అన్న ప్రశ్నకీ ఎంత తేడా ఉందో చూడండి. మీ ఫారంలో లేనివి అలాంటి ప్రశ్నలే. మీరే చేర్చండి, ఎవరూ కాదనరు.

---

గ్యారేజీ సూపర్‌వైజర్, కోస్తా:

ముగ్గురికీ చేతులెత్తి నమస్కారం. రెండు రాత్రులు డ్యూటీ చార్టుతో కూర్చున్నాను.

మధ్యాహ్నం పదకొండున్నర నుంచి మూడున్నర మధ్య 30 బస్సులు ఖాళీ అవుతాయనుకున్నాను. కాగితం మీద అవి ఖాళీయే. కానీ ఎనిమిది బస్సులు సర్వీసు ముగించేది డిపోకి 9 కిలోమీటర్ల దూరంలో. చార్జింగ్ కోసం ఖాళీగా రావడం, పోవడం 18 కిలోమీటర్లు. కాబట్టి 22 మాత్రమే పట్టాను. ఒక్కోదానికి 100 యూనిట్లు, అంటే పగలు 2,200. 50 బస్సులకి రాత్రి మిగిలేది 10,800 యూనిట్లు. 1,900 కేవీఏ దగ్గరికి వస్తోంది. 11 కేవీతో అవ్వదు.

35 బస్సులతో వేశాను. 1,200 వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను.

---

కరెంటు డిపార్ట్‌మెంటులో రిటైరయినవాడిని:

మే నెలకి వేశావా? ఏసీ ఆగకుండా నడిచే రోజుల్లో 1.4 పట్టుకో.

---

గ్యారేజీ సూపర్‌వైజర్, కోస్తా:

వేశాను గారూ. 35 బస్సులకి 1,470 వస్తోంది. అంచు మీద నిలబడినట్టుంది. 32కి వేస్తే 1,310. 33 కేవీ వచ్చేదాకా 32, ఆ తర్వాత మిగతా 18 అని రాస్తున్నాను. డీజిల్ బస్సుల్లో 10 మంచివి స్పేరుగా ఉంచమని కూడా రాశాను. తుపాను రోజున మా ఊళ్లో కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, ఆ రోజే జనానికి బస్సు ఎక్కువ కావాలి.

టెక్సాస్ అమ్మాయి కార్మికుల మాట ఎత్తింది కదా, దాని దగ్గర ఆగిపోయాను. ఈ బస్సులు గ్రాస్ కాస్ట్ కాంట్రాక్టు మీద వస్తాయంటున్నారు. బస్సు, డ్రైవర్, రిపేరు అన్నీ కంపెనీవాళ్లవి. కండక్టర్, టికెట్టు డబ్బు మనవి, కిలోమీటరుకు ఇంతని వాళ్లకి కడతాం. మరి నా గ్యారేజీలో 27 మంది ఉన్నారు. వాళ్లలో ఒకతను ఇంజను స్టార్ట్ చేయగానే, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని ఏ ఇంజెక్టర్ కొట్టుకుంటోందో చెబుతాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు అదే అవుతుంది. కొత్త బస్సులో ఆ చెయ్యికి ఏం పని ఉంటుంది? ఫారంలో "శిక్షణ కావాలా" అన్న గడి పక్కన ఏం రాయను?

---

ఘాట్ డ్రైవర్, తిరుపతి:

ఇంజను లేకపోయినా బస్సు బస్సే అన్నా. బ్రేకులు, సస్పెన్షన్, టైర్లు, డోర్లు, ఎయిర్ లైను, ఏసీ అన్నీ ఉంటాయి. బరువు ఎక్కువ కాబట్టి టైర్లు ఇంకా జాగ్రత్తగా చూడాలి. నారింజ రంగు కేబుల్ కనబడితే మాత్రం శిక్షణ, రబ్బరు గ్లౌజులు లేనివాళ్లు చెయ్యి పెట్టకూడదు, అందులో వందల ఓల్టులు ఉంటాయి. మీవాళ్లకి ఆ శిక్షణ బస్సులు రాకముందే ఇప్పించమని రాయండి. వచ్చాక ఎవరికీ తీరదు.

---

ట్రాన్సిట్ ప్లానర్, టెక్సాస్:

గడిలో "కావాలి" అని వదిలెయ్యకండి. 27 మందిలో ఎవరు ఎన్నేళ్లలో రిటైరవుతారు, ఎవరు ఎలక్ట్రికల్ పని ఇప్పటికే చేస్తున్నారు, ఎవరిని ఏ పనికి పంపవచ్చు అని పేరుపేరునా పట్టిక జతచేయండి. చార్జర్లూ ప్యానెళ్లూ చూసుకునే పని ఆర్టీసీ చేతిలో ఉంచమని అడగవచ్చు. కాంట్రాక్టు రాయకముందు అడిగితే వినే అవకాశం ఉంది. ఇంకొకటి, ఆర్టీసీ వైపు నుంచి కరెంటు ఆలస్యమై బస్సులు నిలబడిపోతే ఆ కిలోమీటర్ల డబ్బు ఎవరు భరించాలో కాంట్రాక్టులో ముందే చూడమని పైవాళ్లకి గుర్తుచేయండి. మీ 32 అంకె విలువ అక్కడ తెలుస్తుంది.

---

గ్యారేజీ సూపర్‌వైజర్, కోస్తా:

పట్టిక రాయడం మొదలుపెట్టాను. ఎలక్ట్రికల్ వైపు వచ్చేవాళ్లు నేననుకున్నదానికన్నా ఎక్కువే తేలారు, తొమ్మిదిమంది. ఇంజెక్టర్ల మనిషిని పిలిచి విషయం చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వెళ్లేముందు, "నారింజ కేబుల్ శిక్షణకి నా పేరు ముందు రాయండి సార్" అన్నాడు. మొదటి వరసలో అతని పేరే ఉంది.

రెండు పేజీల ఫారానికి పదకొండు పేజీలు జతయ్యాయి. మేనేజర్ గారు చదివి, కరెంటు ఆఫీసుకి ఫోన్ చేశారు. గురువారం ఉదయం అక్కడి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారితో సబ్‌స్టేషన్‌కి వెళ్తున్నాం. 33 కేవీ లైను ఏ దారిన రావాలో నడిచి చూడాలి. మధ్యలో ఒక రైల్వే గేటు ఉంది. పెద్దాయన గారూ, అక్కడ ముందు ఎవరిని అడగాలి?

---

కరెంటు డిపార్ట్‌మెంటులో రిటైరయినవాడిని:

రైల్వేకి దరఖాస్తు కరెంటువాళ్లే పెడతారు, దానికి డ్రాయింగు కావాలి. గేటు నంబరు, కిలోమీటరు రాయి మీద ఉన్న అంకె రాసుకుని రండి. ఫోటో కూడా తీయండి. గురువారం సాయంత్రం ఇక్కడ పెడితే చూస్తాను.