మార్గశిర గురువారం పుట్టినరోజు: ఉల్లి, గుడ్డు, ఓవెన్ లేకుండా ఇరవై బర్గర్లు ఎలా?

గుణుపురం నుంచి:
మా పాప పుట్టినరోజు ఈసారి మార్గశిర గురువారం పడింది. దానికేమో బర్గర్లే కావాలి. వచ్చే పిల్లల్లో సగంమంది ఒడియా ఇళ్ళవాళ్ళు, వాళ్ళకి ఆ రోజు మాణబసా లక్ష్మీ పూజ. నీసు, గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ ముట్టరు. ఇక్కడి బేకరీలో టూటీఫ్రూటీ వేసిన తీపి బన్నులే ఉన్నాయి. ఆలూ టిక్కీ చేసి చూస్తే పెనం మీద తిప్పేసరికి విడిపోతోంది. ఏటి చెయ్యాలి?

బరంపురం నుంచి:
దుంపలు చూసుకో తల్లీ. ఈ రోజుల్లో బజారుకొచ్చే కొత్త దుంపల్లో నీరెక్కువ, పిండి తక్కువ. పాత దుంపలు అడిగి తీసుకో. ముక్కలు కొయ్యకుండా తొక్కతోనే ఉడికించి, చల్లారాకే తురుము. వేడిమీద మెదిపితే జిగురొస్తుంది.

జయపురం నుంచి:
పనసకాయ కైమా పెట్టండి, మాంసం లేని లోటే తెలీదు.

బరంపురం నుంచి:
మార్గశిరంలో పనసకాయ ఎక్కడిది బాబూ! అరటికాయ ఉండగా పనస దేనికి? దుంపకన్నా పొడిగా ఉంటుంది, పట్టుకుంటే వదలదు. ఇరవైకి లెక్క చెప్తాను, రాసుకో. అరటికాయలు కిలో (ఉడికించి తొక్క తీస్తే అరకిలో పైన వస్తుంది), దుంపలు 600 గ్రాములు, పచ్చి బఠాణీ 200, లీటరు ఆవుపాలు విరగ్గొట్టి గట్టిగా పిండిన ఛెనా, మిక్సీ పట్టిన అటుకులు 100. ఉల్లి బదులు అల్లం, పచ్చిమిర్చి, ఇంగువ, వేయించిన జీలకర్ర. అన్నీ కలిపి ప్యాటీలు (బన్ను మధ్య పెట్టే బిళ్ళలు) చెయ్యి; ఒక్కోటి 80 గ్రాములు, బన్ను వెడల్పే ఉండాలి. మాంసం ప్యాటీ కుదించుకుపోతుంది కాబట్టి పెద్దది చేస్తారు, ఇది అలా తగ్గదు. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, పల్చటి మైదా జావలో ముంచి, బొంబాయి రవ్వలో దొర్లించి, తక్కువ నూనెలో కాల్చు. అడుగు ఎర్రబడేదాకా అట్లకాడ పెట్టకు. సగం విరగడాలు ఆ తొందరవల్లే.

ధర్మాబాద్ (నాందేడ్ జిల్లా) నుంచి:
మా దగ్గర ఈ బన్నుల బాధే లేదక్కా, పావ్ తెచ్చి కోసేస్తాం. బర్గర్ చిన్నదైతే ఏం, పిల్లలు రెండు తింటారు. ఒక మాట మాత్రం: దుకాణం మయోనైజ్ కొనేముందు డబ్బా మీద చదవండి. గుడ్డు లేదని రాసినా వెల్లుల్లి ఉండొచ్చు. ఇంట్లో పచ్చిగుడ్డుతో చేసేది ఎలాగూ వద్దు. మాకు పక్కనే ఉన్న తెలంగాణలో 2024 అక్టోబరులో పచ్చిగుడ్డు మయోనైజ్‌ని ఏడాదిపాటు నిషేధించారు. దాని బదులు కాచి బాగా చల్లార్చిన పాలు అరకప్పు, ఆవపొడి, ఉప్పు మిక్సీలో వేసి, కప్పు నూనె సన్నటి ధారగా పోస్తూ తిప్పండి. గట్టిపడ్డాక చివర్లో నిమ్మరసం.

బరంపురం నుంచి:
అంత నూనె పిల్లలకెందుకు? గుడ్డలో కట్టి నీరు వాడ్చిన పెరుగులో ఆవ ముద్ద కలిపితే చాలు.

గుణుపురం నుంచి:
పెరుగే చేస్తాను అప్పా, ఆవ మాకు ఇష్టం. మరి బన్నులు? పావ్ ఇక్కడ దొరకదు, ఓవెన్ లేదు.

జయపురం నుంచి:
పనస దగ్గర దొరికిపోయాను, బన్ను దగ్గర దొరకను. మైదా 700 గ్రాములు, గోరువెచ్చని పాలు 420 మిల్లీలీటర్లు, పంచదార 70, వెన్న 70, ఇన్‌స్టంట్ ఈస్ట్ 14, ఉప్పు 12 గ్రాములు. లాగితే తెగకుండా పల్చగా సాగేదాకా పిసకాలి, పావుగంట పడుతుంది. మా కొరాపుట్ జిల్లా చలిలో పిండి పొంగడానికి బద్ధకిస్తుంది. డబ్బాలో పెట్టి పక్కన వేడినీళ్ళ గ్లాసు ఉంచి మూసేస్తాను. గడియారం చూడకండి, పిండి రెట్టింపయిందా లేదా అదే చూడండి. ఇరవై ఉండలు చేసి మళ్ళీ పొంగనిచ్చి, పైన గుడ్డు బదులు పాలు రాయండి. పాత కుక్కర్‌లో నీళ్ళు పోయకుండా స్టాండు పెట్టి, రబ్బరు, విజిల్ తీసేసి పది నిమిషాలు వేడెక్కించి, సన్న సెగమీద ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. ఒక్కో వాయికి అయిదారే పడతాయి, మిగతా ఉండలు ఫ్రిజ్‌లో ఉంచండి, లేకపోతే పులిసిపోతాయి. పైభాగం తెల్లగానే ఉంటుంది, కంగారుపడొద్దు. పెనం మీద వెన్నతో బోర్లిస్తే రంగొస్తుంది. బుధవారమే చేసి పెట్టుకోండి.

గుణుపురం నుంచి:
ముందే సర్ది పెట్టేయొచ్చా? సాయంత్రం అయిదుకి వస్తారు.

బరంపురం నుంచి:
వద్దు, మెత్తబడిపోతాయి. కోసిన వైపు వెన్నతో కాల్చు, రెండు వైపులా పెరుగు ముద్ద రాయి, కింద క్యాబేజీ ఆకు, దానిమీద ప్యాటీ. టమాటా గింజలు తీసి, గుడ్డమీద ఆరనిచ్చి ఆఖరున పెట్టు. దోసకాయకి ఉప్పు రాసి పిండు. ప్యాటీలు మధ్యాహ్నమే ఒకసారి కాల్చి ఉంచుకుని, వాళ్ళు చెప్పులు విప్పుతుంటే మళ్ళీ పెనం మీద వెయ్యి.

గుణుపురం నుంచి:
మిగిలితే?

బరంపురం నుంచి:
కాల్చనివైతే మధ్యలో కాగితం పెట్టి ఫ్రీజర్‌లో పేర్చు, నెలపాటు ఉంటాయి. మంచు కరగనివ్వకుండా నేరుగా పెనం మీదే వెయ్యాలి, సెగ మాత్రం సన్నం.