ఒకే అసిటోబాక్టర్ కల్చర్, రెండు చెరకు రకాలు - తేడా ఎందుకు?

చోడవరం_చెరకు:
అందరికీ నమస్తే. మాది చోడవరం దగ్గర, నాన్నగారు ఏటా చెరకే వేస్తారు. ఈసారి ముచ్చెల్ని (నాటే చెరకు ముక్కల్ని) అసిటోబాక్టర్ కల్చర్, అంటే గాలిలోని నత్రజనిని పట్టే బ్యాక్టీరియా, కలిపిన నీళ్ళలో ముంచి నాటాం, ఒక మడిలో 87ఎ298 రకం, పక్క మడిలో కో 86032 రకం. మొదటి దాంట్లో పిలకలు బాగా వచ్చాయి, ఆకు కూడా పచ్చగా ఉంది, రెండో దాంట్లో అసలు కల్చర్ వాడినట్టే లేదు. నీళ్ళు ఒకటే, యూరియా ఒకటే. మొక్క లోపలుండే బ్యాక్టీరియాకి రకంతో కూడా పనుంటుందా, లేక మా నేలలోనే తేడానా? తెలిసినవాళ్ళు చెప్పండి.

మైక్రో_ల్యాబ్:
రకంతో చాలా పనుంటుందండి. ఈ బ్యాక్టీరియాని 1988లో బ్రెజిల్‌లో జొహానా డోబరైనర్ అనే సైంటిస్టు వాళ్ళ టీమ్ చెరకులోంచి పట్టుకుంది, ఇప్పటి పేరు గ్లూకోనాసిటోబాక్టర్. పది శాతం చక్కెర ఉన్న ద్రావణంలో కూడా హాయిగా పెరుగుతుంది కాబట్టి చెరకు గడ దానికి సరిపోయిన ఇల్లు, బయట మట్టిలో మాత్రం ఎక్కువ కాలం బతకలేదు. తర్వాత అక్కడే చెరకు రకాల్ని పక్కపక్కనే పెంచి గాలిలోంచి ఎంత నత్రజని వస్తోందో ఐసోటోప్ పద్ధతిలో కొలిస్తే కొన్ని రకాల్లో 60 శాతం దాకా వచ్చింది, కొన్నిట్లో చాలా తక్కువ. నీళ్ళు, మట్టి అన్నీ ఒకటే, మారింది రకం ఒక్కటే.

ఇంకోటి చెప్తా, ఇది నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ. హెర్బాస్పిరిల్లమ్ రుబ్రిసబాల్బికాన్స్ అని ఇంకో బ్యాక్టీరియా ఉంది, బి 4362 అనే చెరకు రకంలో చేరితే ఆకుల మీద మచ్చల చారలు తెస్తుంది, అంటే అక్కడ అది తెగులు. అదే బ్యాక్టీరియా తట్టుకునే రకాల్లో చేరితే ఏ హానీ చెయ్యకుండా ఊరకే లోపల బతుకుతుంది. బ్యాక్టీరియా మారలేదు కదా, దాన్ని ఎంత దూరం రానివ్వాలో తేల్చింది మొక్క జన్యువులే.

కానీ మీ పొలం విషయంలో తొందరపడి కల్చర్ వల్లే అనుకోవద్దు. రెండు రకాలకీ పిలక వేసే గుణం పుట్టుకతోనే వేరు, పైగా కల్చర్ వెయ్యని మడి మీరు ఒక్కటీ ఉంచలేదు.

ఉయ్యూరు_రైతు:
తమ్ముడూ, యూరియా ఎంత వేశారో రాయలేదు, నన్నడిగితే అసలు సంగతి అదే. నత్రజని దండిగా పడిన తోటలో ఈ బ్యాక్టీరియా లోపల తగ్గిపోతుందని మా దగ్గర మీటింగులో సైంటిస్టు గారు చెప్పారు. మనం ఒక చేత్తో కల్చర్ వేసి ఇంకో చేత్తో బస్తాలకి బస్తాలు యూరియా కుమ్మరిస్తే అది ఎట్టా పని చేస్తుంది?

మైక్రో_ల్యాబ్:
కరెక్ట్ అన్నా, మెక్సికోలో చేసిన పనిలో కూడా అదే తేలింది, నత్రజని ఎరువు ఎక్కువ పడిన చెరకులో ఈ బ్యాక్టీరియా బాగా తక్కువ దొరికింది. బ్రెజిల్‌లో చెరకు రకాల్ని మొదట్నుంచీ తక్కువ నత్రజనిలోనే ఎంపిక చేస్తూ వచ్చారు కాబట్టి ఇలా లోపలి బ్యాక్టీరియాతో సర్దుకునే రకాలు వాళ్ళకి మిగిలాయని చాలామంది అంటారు, నాకూ అదే సబబు అనిపిస్తుంది. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాలో వెతికితే అంత లాభం కనపడలేదు. అంటే రకం, నేల, ఎరువు మూడూ కలిస్తేనే లెక్క. నత్రజని పట్టే ఎంజైముకి మాలిబ్డినమ్, ఇనుము కావాలి, అవి అందకపోతే బ్యాక్టీరియా లోపల ఉన్నా ఆ పని సరిగ్గా సాగదు.

చెరకు కాకపోయినా, 2012లో అమెరికా, జర్మనీ టీములు రెండూ అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క వేర్లలోని బ్యాక్టీరియాని చూశాయి. లోపల ఎవరుంటారో ఎక్కువగా తేల్చింది మట్టి, మొక్క జన్యువుల ప్రభావం ఉంది గానీ చిన్నది. మట్టి సరుకు పెడుతుంది, మొక్క ఏరుకుంటుంది.

చోడవరం_చెరకు:
చాలా థాంక్స్ అండి. యూరియా నాన్నగారు ఎప్పుడూ వేసినంతే వేశారు, తగ్గించలేదు. ఇంకో డౌటు, వచ్చే ఏడు టిష్యూకల్చర్ మొక్కలు తెద్దామనుకుంటున్నాం, వాటిలో ఈ బ్యాక్టీరియా ఉంటుందా?

మైక్రో_ల్యాబ్:
ల్యాబ్‌లో శుభ్రం చేసి పెంచుతారు కాబట్టి చాలావరకు పోతుంది. చెరకులో ఇది ఒక పంట నుంచి ఇంకో పంటకి ముచ్చెలోనే వెళ్తుంది, టిష్యూకల్చర్‌లో ఆ దారి తెగుతుంది, కాబట్టి ఆ మొక్కలకి కల్చర్ పట్టించడం ఇంకా అవసరం. ముచ్చెలైతే శిలీంద్రనాశిని, కల్చర్ ఒకే తొట్టిలో కలపకండి.

పరీక్ష చెయ్యాలనుకుంటే ఒక్కో రకాన్నీ రెండు భాగాలు చేసి ఒకదానికి కల్చర్ పట్టించండి, రెండోదానికి వద్దు, యూరియా అన్నిటికీ మట్టి పరీక్షలో చెప్పినంతే వెయ్యండి. ఆకు పచ్చదనం చూసి తేల్చకండి, ఈ బ్యాక్టీరియా వేరు పెరిగే హార్మోన్ కూడా తయారుచేస్తుంది, నత్రజని పట్టకపోయినా తోట కళగా ఉండొచ్చు. నరికేటప్పుడు దేనికది విడిగా తూకం వెయ్యండి, కార్శి తోటలో (నరికిన మోళ్ళ నుంచి మళ్ళీ వచ్చే పంటలో) కూడా అవే గుర్తులు ఉంచి మళ్ళీ తూచండి.