‘సర్జ్ ఇంపిడెన్స్’ను ‘అవరోధం’ అనవచ్చునా?

ప్రశ్న: పాఠ్యపుస్తకాలలో ‘ఇంపిడెన్స్’కు ‘అవరోధం’ అని చదివాను. పిడుగు పడినప్పుడు లైన్ వెంట పరుగెత్తే హైవోల్టేజి పల్స్ గురించి రాసేటప్పుడు ‘సర్జ్ ఇంపిడెన్స్’ను ‘ఉప్పెన అవరోధం’ అంటే తప్పా?

జవాబు: తప్పనను గాని, చదివేవారిని దారి తప్పిస్తుంది. అవరోధం అనగానే ఏదో అడ్డుపడి పల్స్‌ను నీరసింపజేస్తున్నదని తోస్తుంది. నిజానికి 400 ఓంల సర్జ్ ఇంపిడెన్స్ ఉన్న లైన్ మీద లక్ష వోల్టుల పల్స్ వస్తే దాని వెంట 250 ఆంపియర్ల కరెంటు సాగుతుంది. ఆ రెండింటి నిష్పత్తే 400 ఓంలు. తీగల ఇండక్టెన్స్, కెపాసిటెన్స్‌లను బట్టి ఏర్పడే ఈ సంఖ్య వల్ల పల్స్ శక్తి రవ్వంతైనా తరగదు. తరిగేది తీగ రెసిస్టెన్స్ వల్ల, అంతకంటే ఎక్కువగా, వోల్టేజి బాగా హెచ్చినప్పుడు తీగ చుట్టూ ఉన్న గాలిలో పుట్టే ‘కరోనా’ అనే విద్యుత్ ఉత్సర్గం వల్ల.

ఈ సంఖ్య పల్స్‌కు పట్టేది అది మారిన చోటనే. టవర్ల మీది లైన్‌లో పల్స్ దాదాపు కాంతివేగంతో, అంటే మైక్రోసెకనుకు 300 మీటర్ల చొప్పున పోతుంది. అది 40 ఓంల కేబుల్‌లో ప్రవేశించేచోట లక్ష వోల్టులలో సుమారు 18 వేలే లోపలికి సాగి, దాదాపు 82 వేల వోల్టుల పల్స్ గుర్తు మారి వెనక్కి మళ్లుతుంది. విచిత్రమేమిటంటే, ఇక్కడ ‘అవరోధం’ తగ్గినందువల్లనే పల్స్ వెనుదిరిగింది! లైన్ చివర దేనికీ కలపకుండా తెరిచి ఉంటే వోల్టేజి రెట్టింపై రెండు లక్షలవుతుంది. వేగంగా పెరిగే పల్స్‌కు ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఇంచుమించు తెరిచిన కొసలాగే కనిపిస్తుంది కనుక సబ్‌స్టేషన్లలో, హెచ్చు వోల్టేజిని నేలలోకి మళ్లించే లైట్నింగ్ అరెస్టర్‌ను దానికి వీలైనంత దగ్గరగా పెడతారు.

అనువాదకులను నిందించలేం. ఇంగ్లీషులో ‘ఇంపిడెన్స్’ అనే మాటను 1886లో ప్రచారంలోకి తెచ్చిన ఆంగ్ల విద్యుత్ శాస్త్రజ్ఞుడు ఆలివర్ హెవిసైడ్ కూడా అడ్డుకోవడమనే అర్థమున్న ధాతువునే ఎంచుకున్నాడు. ఏసీ సర్క్యూట్లకు ‘అవరోధం’ చక్కగా నప్పుతుంది, అక్కడ దానిని ఉండనివ్వవచ్చు. లైన్ మీది పల్స్ గురించి రాసేటప్పుడు మాత్రం ‘సర్జ్ ఇంపిడెన్స్’ అనే ఉంచి, అది పల్స్‌లోని వోల్టేజికీ కరెంటుకూ ఉండే నిష్పత్తి అని మొదటిసారి వాడినచోటే ఒక వాక్యంలో చెప్పడం మేలు.

ఇక ‘ఉప్పెన’ సొగసైన మాటే. కానీ ఉప్పెన గంటల తరబడి ఊళ్లను ముంచి ఉంచుతుంది. ప్రయోగశాలల్లో వాడే ప్రామాణిక పిడుగు పల్స్ 1.2 మైక్రోసెకన్లలో శిఖరానికి చేరి, 50 మైక్రోసెకన్లకల్లా సగానికి పడిపోతుంది.