హాస్టల్ పిల్లల మానసిక ఆందోళన: 10–14 స్కోరు వస్తే ఆగాలా, డాక్టర్ దగ్గరికి పంపాలా?

ఇంటర్ హాస్టళ్లలో కౌన్సెలింగ్ చూసేవాళ్లు, సైకియాట్రిస్టులు ఎవరైనా ఉంటే చెప్పండి.

మేం పిల్లల్లో ఆందోళన ఎంతుందో కొలిచే జీఏడీ-7 ఫారం వాడుతున్నాం. గత రెండు వారాల గురించి ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 21. 15, ఆపైన వస్తే ఆలోచించే పని లేదు, పంపేస్తాం. చచ్చిపోవాలనుందన్న మాట వస్తే అసలు స్కోరే చూడం. ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆస్పత్రికి. చిక్కంతా 10–14 దగ్గరే. పరీక్షల ముందు నింపిస్తే చాలామందికి అంతే వస్తోంది. అయ్యాక చూద్దామంటే, నిజంగా జబ్బున్న పిల్లకి నెలలు పోతాయి.

అందుకే అంకెతోపాటు ఇవీ చూస్తున్నాం: పడుకున్నాక నిద్ర ఎంతసేపటికి పడుతోంది, మెస్‌లో కంచం సగం వదిలేస్తోందా, స్లిప్ టెస్ట్ రోజునే కడుపునొప్పి అంటోందా. గుండెదడ, చేతుల వణుకు ఉంటే టీఎస్‌హెచ్ (థైరాయిడ్), హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించమంటున్నాం. రాత్రి చదువుకని తాగే కాఫీలు కూడా అడగాలి, దడకి అవీ కారణమే. ఇక ఫారం అమ్మానాన్నల ఎదుట నింపిస్తే అన్నీ సున్నాలే, అది మానేశాం.

ఈ 10–14 స్కోరుకి రెండు వారాలాగి మళ్లీ నింపిస్తే సరిపోతుందా? నిద్ర, తిండి, చదువుల్లో ఒక్కటి దెబ్బతిన్నా పంపేయాలా? "పిచ్చాసుపత్రికా?" అని బెదిరే తల్లిదండ్రులతో ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయించడం మేలా, నేరుగా జిల్లా ఆస్పత్రి సైకియాట్రీ ఓపీకా?