చర్చిలో 'నేవ్', మన 'నావ' ఒకటేనా?

పోయిన నెల మద్రాసులో పని ముగిశాక రైలుకి ఇంకా నాలుగ్గంటలు టైముంటే సెయింట్ జార్జి కోటలోకి వెళ్ళాను. సచివాలయం అందులోనే కాబట్టి గేటు దగ్గర సంచి మొత్తం కెలికి, నీళ్ళ సీసా మూత కూడా తీయించి చూసి గాని వదల్లేదు. నేను చూడాలనుకున్నది సెయింట్ మేరీస్ చర్చి. సూయజ్‌కి తూర్పున ఇప్పటికీ నిలిచి ఉన్న ఆంగ్లికన్ చర్చిల్లో ఇదే అన్నిటికన్నా పాతదని చెబుతారు. 1678 మార్చి 25న పునాది వేశారు, ఆ రోజు మేరీమాత పండగ, పేరు అలా వచ్చిందే. 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠ. గంట గోపురం తర్వాతెప్పుడో 1701లో కట్టారు.

ఎందుకు వెళ్ళానంటే, పాత చర్చిల మీద ఒక చిన్న కరపత్రాన్ని తెలుగు చేసే పని ఒప్పుకున్నాను, అందులో మాటిమాటికీ 'నేవ్' అని వస్తోంది. తలుపు దాటగానే జనం కూర్చునే పొడుగాటి నడిమి భాగం అది. నాకు వెంటనే తోచక ఆన్‌లైన్ అనువాదానికి ఇస్తే 'భక్తులు చర్చి నాభిలో కూర్చుంటారు' అని వచ్చింది. నవ్వుకుని కొట్టేశాను. తర్వాత వెతికితే తేలిందేంటంటే అది లాటిన్ 'నావిస్', అంటే ఓడ. మన 'నావ', 'నౌక', 'నావికుడు' అన్నీ ఆ వంశమే. ఇంగ్లీషు 'నేవీ' సరేసరి, కడుపులో తిప్పే 'నాసియా' కూడా గ్రీకు ఓడలోంచి దిగిందే!

ఇక ఓడ పేరు ఎందుకొచ్చిందంటే కొందరు కప్పు బోర్లించిన పడవలా ఉంటుందంటారు, కొందరు క్రైస్తవ సంఘాన్నే ఓడతో పోల్చేవారు కాబట్టి అంటారు. సెయింట్ మేరీస్‌లో నిలబడి తలెత్తితే మొదటి మాటే నిజమనిపిస్తుంది. తలుపులూ కిటికీలూ తప్ప కట్టడంలో కర్ర లేదు. సముద్రం పక్కన కోట, ఎప్పుడు ఎవరి ఫిరంగి గుండు వచ్చి పడుతుందో తెలీదు, అందుకని గోడలు నాలుగడుగుల మందం, కప్పు రెండడుగుల మందాన ఇటుకా సున్నంతో కమానులా వంచి కట్టారు. పొడుగునా అలాంటివి మూడు, పక్కపక్కనే. నడిమిది నేవ్, అటూ ఇటూ ఉన్నవి 'ఐల్స్'. ఈ ఐల్‌కి మూలం లాటిన్ 'ఆలా', అంటే రెక్క. మధ్యలో 'ఎస్' అనే అక్షరం ద్వీపం అనే మాటతో గందరగోళపడి దూర్చుకున్నారు, పలకడం మాత్రం పలకరు. ఓడకి రెక్కలు కట్టారన్నమాట.

నా ప్రశ్న ఒకటే. తెలుగులో నేవ్‌ని 'నావ' అని రాసేస్తే తప్పా?

—

వ్యాఖ్య: తప్పేముందండీ, మాట మనదే కదా. సంస్కృతం నుంచి లాటిన్ వాళ్ళు పట్టుకెళ్ళారు, మనం తిరిగి తెచ్చుకుంటున్నాం.

జవాబు: పట్టుకెళ్ళలేదండీ. సంస్కృతం, లాటిన్ రెండూ ఇంకా పాత భాష ఒకదాని పిల్లలు. మా పెదనాన్న కొడుకు ముక్కు అచ్చం నా ముక్కే, అంత మాత్రాన వాడు నాకు పుట్టలేదు. ఈ గ్రూపులో ఈ మాట నెలకోసారి చెప్పాల్సి వస్తోంది.

—

వ్యాఖ్య: మీరు కొట్టేసిన 'నాభి' మరీ అన్యాయం ఏమీ కాదు. ఇంగ్లీషులో 'నేవ్'లు రెండు. ఒకటి మీ చర్చిది. రెండోది బండి చక్రం మధ్యలో ఇరుసు దూరే భాగం, ఆ మాట మన 'నాభి'కి చుట్టం. అనువాదం చేసిన యంత్రం ఓడ బదులు బండెక్కింది, అంతే.

పోస్టు రాసినవారు: అబ్బ! నేను దాన్ని పిచ్చి యంత్రం అని తిట్టాను. సగం మాట వెనక్కి తీసుకుంటున్నా.

—

వ్యాఖ్య: మాది నంద్యాల వైపు, ముత్తాతల నాటి నుంచి ఎస్.పి.జి. (ఆంగ్లికన్ వాళ్ళ) మిషను సంఘం. మా ఇంట్లో ఎవరూ నేవ్ అనగా నేను వినలేదు. 'గుడికి పోయినాం, గుడి నడిమధ్యన కూర్చున్నాం', అంతే. బలిపీఠం ఉంది, ప్రసంగ వేదిక ఉంది, జనం కూర్చునే చోటికి వేరే పేరెందుకు? ఇంకోటి, మా బైబిల్లో నోవహుది 'ఓడ', పేతురు వాళ్ళు చేపలు పట్టింది 'దోనె'. మీరు 'నావలో కూర్చున్నారు' అని రాస్తే మా అమ్మమ్మ ఏ ఏట్లో అని అడుగుతుంది.

—

వ్యాఖ్య: నేవ్ సంగతి సరేగానీ అన్నా, మద్రాసు గవర్నరు చేసిన మన థామస్ మన్రో సమాధిని చూసినావా లేదా? మాది పత్తికొండ. ఆయన 1827 జులై 6న మా ఊళ్ళోనే కలరాతో పోయినాడు, గుత్తిలో పూడ్చినారు, మళ్ళా 1831లో తీసుకపోయి నువ్వు చూసిన చర్చిలో పెట్టినారు. గవర్నరు కాకముందు దత్తమండలాల కలెక్టరు కదా, మావైపు ఆయన్ని 'మండవ ఋషి' అనేవాళ్ళంట, పిల్లలకి 'మన్రోలప్ప' అని పేరు పెట్టుకున్నారంట. ఆ 'ల' ఏందో పెద్దలు చెప్పాల. 'మన్రోలు' అని గౌరవానికి అని, దానికి 'అప్ప' తగిలించినారేమో అని నా అనుమానం.

పోస్టు రాసినవారు: చూశాను తమ్ముడూ. అయితే ఎక్కువసేపు బయటే గడిపాను. చర్చి చుట్టూ నేలంతా సమాధి రాళ్ళే పరిచి ఉన్నాయి, లాటిన్, పోర్చుగీసు, అర్మేనియన్. అవి అక్కడివి కావు. కోట బయటి పాత శ్మశానంలో ఉండేవి, 1758–59లో ఫ్రెంచివాళ్ళు ముట్టడించినప్పుడు ఆ గోరీల చాటున నక్కి కాల్పులు జరిపారని, తర్వాత వాటిని కూల్చి రాళ్ళు ఇక్కడికి చేర్చారు. అక్షరాల మీద కాలు పెట్టకుండా నడవాలని చూశా, కుదరదు, చివరికి చెప్పులు విప్పి చేత పట్టుకున్నా. మీ 'మన్రోలప్ప' ఊహ నాకు నచ్చింది, ఇంకెవరైనా పాత రికార్డుల్లో ఆ పేరు చూసి ఉంటే చెప్పండి.

—

వ్యాఖ్య: 'మండపం' అని రాసేయండి, గొడవ వదులుతుంది.

పోస్టు రాసినవారు: మండపం అనగానే స్తంభాలూ, ఉత్సవ విగ్రహమూ కళ్ళముందుకొస్తాయి కదండీ. నంద్యాల వారి మాట పట్టుకుని 'నడిమి సాల' అని రాసి, మొదటిసారి వచ్చినచోట మాత్రం 'దీన్ని నేవ్ అంటారు, లాటిన్లో ఓడ' అని ఒక్క వాక్యం పెట్టాను. ఐల్స్‌కి 'పక్క సాలలు'. రెక్కలు వదిలేయడానికి మనసొప్పలేదు గానీ వదిలేశాను. తర్వాతి పేజీలో పాదిరి అంగీ తొడుక్కునే గది 'వెస్ట్రీ' అని వచ్చింది.

వ్యాఖ్య: అది 'వస్త్రం'కి చెల్లెలు. 'వస్త్రాల గది' అని రాయండి, ఈసారి మీ యంత్రం కూడా ఒప్పుకుంటుంది.