లాగ్‌ల నుంచి రంగుల కోడ్‌లు తీసేయడానికి మీరు ఏ రెజెక్స్ (అక్షరాల వరుసలను పట్టే ప్యాటర్న్) వాడుతున్నారు?

మడికొండ_లాస్ట్‌బస్
మా దగ్గర రాత్రిపూట నడిచే బ్యాకప్ స్క్రిప్ట్ అవుట్‌పుట్ అంతా ఒక టెక్స్ట్ ఫైల్లోకి పోతుంది. పొద్దున తెరిస్తే లైను ముందూ వెనకా ^[[1;32 లాంటి చెత్తే, తెర మీద రంగుల కోసం పంపే కోడ్‌లు (^[ అంటే ఎస్కేప్ బైట్). ప్రస్తుతం నేను \033\[[0-9;]* అని రాసి చివర చిన్న ఎమ్ పెట్టి పైథాన్‌లో తీసేస్తున్నాను. చాలావరకు పోతున్నాయి కానీ కొన్ని మొండిగా ఉండిపోతున్నాయి, ముఖ్యంగా ప్రశ్నార్థకం ఉన్నవి, ^[( తో మొదలయ్యేవి. ఒక్కోదానికి ఒక్కో ప్యాటర్న్ అతికించుకుంటూ పోతే అంతు ఉండేలా లేదు. పక్కాగా పనిచేసేది ఎవరి దగ్గరైనా ఉందా అన్నా?

కాజీపేట_జంక్షన్
తమ్మీ, నీ ప్యాటర్న్ రంగులను మాత్రమే పడుతుంది. ఎమ్‌తో ముగిసేవి రంగు, బోల్డ్ లాంటివి, మిగతావి కర్సర్ జరపడం, లైను చెరపడం, కర్సర్ దాచడం, వాటికి చివరి అక్షరం వేరే. అక్షరాలు ఒక్కొక్కటి ఏరుకుంటూ కూర్చోకు, దీనికి ఈసీఎంఏ-48 అని స్టాండర్డ్ ఉంది, మొదటి ఎడిషన్ 1976, ఇప్పుడు నడుస్తున్న ఐదోది 1991. అందులో వ్యాకరణం చాలా సాదా. ఎస్కేప్ బైట్ అంటే 27 (ప్యాటర్న్‌లో ఆక్టల్, అంటే ఎనిమిది ఆధారంగా రాసే లెక్కలో 033), దాని తర్వాత చదరపు బ్రాకెట్, తర్వాత 48 నుంచి 63 వరకు ఉన్న బైట్లు ఎన్నైనా, తర్వాత 32 నుంచి 47 వరకు ఎన్నైనా, చివర 64 నుంచి 126 లోపు ఒక్కటే ఒక్కటి. దాన్ని యథాతథంగా రాస్తే

\033\[[0-?]*[ -/]*[@-~]

అంతే. ప్రశ్నార్థకం 63 కాబట్టి ^[[?25 రకం కూడా ఇందులోనే వస్తుంది. కోలన్ కూడా వస్తుంది, కొత్త టెర్మినల్స్‌లో 38:2 అని సెమీకోలన్ బదులు కోలన్‌తో రంగులు ఇచ్చేవి ఉన్నాయి, నీ పాత ప్యాటర్న్ వాటిని వదిలేస్తుంది.

మడికొండ_లాస్ట్‌బస్
ప్రశ్నార్థకం ఉన్నవన్నీ పోయాయి అన్నా, థ్యాంక్స్. ^[( మాత్రం ఇంకా ఉంది, దాని వెనక పెద్ద బీ. ఇంకొన్ని లైన్లలో ^[]0; తర్వాత మా సర్వర్ పేరు, ఫోల్డర్ పేరు కూడా కనపడుతున్నాయి.

పాత_టెర్మినల్
ఆ బ్రాకెట్ బీ టీపుట్‌తో, అంటే టెర్మినల్ కోడ్‌లు పంపే కమాండ్‌తో వస్తుంది. స్క్రిప్ట్‌లో రంగు రీసెట్ చేయడానికి టీపుట్ ఎస్‌జీఆర్0 వాడి ఉంటారు చూడు. ఎక్స్‌టర్మ్ రకం టెర్మినల్స్‌లో అది క్యారెక్టర్ సెట్‌ను కూడా మామూలు ఆస్కీకి తిప్పుతుంది, 1978లో వచ్చిన వీటీ100 టెర్మినల్ కాలం నాటి అలవాటు ఇంకా పోలేదు. రెండోది విండో టైటిల్ పెట్టే కోడ్. అది అక్షరంతో ముగియదు, బెల్ బైట్ అంటే 7 వచ్చేదాకా, లేదా ఎస్కేప్, బ్యాక్‌స్లాష్ జంట వచ్చేదాకా సాగుతుంది. టెర్మినల్లో నొక్కగలిగే లింకులూ ఈ జాతివే, వాటికి నంబరు 8. మూడూ కలిపి నేను వాడేది:

\033(?:\[[0-?]*[ -/]*[@-~]|\][^\007\033\012]*(?:\007|\033\\)|[ -/]+[0-~])

మధ్యలో 012 (కొత్త లైను బైట్) ఎందుకంటే, అది లేకపోతే ప్రోగ్రామ్ టైటిల్ రాస్తూ రాస్తూ సగంలో చచ్చిపోతే, ఎక్కడో కింద ఇంకో బెల్ దొరికేదాకా మధ్యలో ఉన్న లైన్లన్నీ మింగేస్తుంది. లాగ్‌లో మనకు కావాల్సిన ఎర్రర్ సరిగ్గా అక్కడే ఉంటుంది.

కరీంనగర్_నైట్‌షిఫ్ట్
ఇది పైథాన్‌లో, పెర్ల్‌లో, గ్రెప్ పెద్ద పీ ఆప్షన్‌తో నడుస్తుంది, సెడ్‌లో అలాగే పేస్ట్ చేయకండి. జీఎన్‌యూ సెడ్‌లో 033 ముందు, బ్యాక్‌స్లాష్ తర్వాత చిన్న ఓ పెట్టాలి, ప్రశ్నార్థకం, కోలన్ ఉన్న గ్రూపులు అసలు ఉండవు. ఇంకో తలనొప్పి, [@-~] లాంటి రేంజ్‌లను లొకేల్ (సిస్టమ్ భాషా సెట్టింగ్) బట్టి అర్థం చేసుకునే వెర్షన్లు ఉన్నాయి, ఒక సిస్టమ్‌లో నడిచింది ఇంకో దాంట్లో రేంజ్ తప్పు అని ఎర్రర్ ఇస్తుంది. ముందు ఎల్‌సీ ఆల్ విలువను సీ అని పెట్టి నడపండి, గొడవ ఉండదు.

భద్రకాళి_కట్టమీద
ఒక విషయం మన తెలుగు వాళ్లకూ తగిలేది చెప్తాను. నెట్‌లో దొరికే చాలా ప్యాటర్న్‌లు ఎస్కేప్, బ్రాకెట్‌కు బదులుగా ఒకే బైట్ 155 (ఆక్టల్‌లో 233) ను కూడా పడతాయి, ఇలా: (?:\033\[|\233). స్టాండర్డ్‌లో అది ఉన్న మాట నిజమే, ఎనిమిది బిట్ల రూపం. కానీ యూటీఎఫ్-8లో మన ఛ అక్షరం మూడు బైట్లు, 224, 176, 155. చివరిది చూశారా? మా దగ్గర పెర్ల్ స్క్రిప్ట్ ఫైళ్ల జాబితాను డీకోడ్ చేయకుండా నేరుగా బైట్ల మీదే శుభ్రం చేసేది, స్వచ్ఛ_ఆటోలు అనే ఫైలు ఒక్కటే ప్రతిసారీ స్వచ్�ఆటోలు అయి, ఫైలు దొరకలేదని ఆగిపోయేది. 155 తర్వాత అండర్‌స్కోర్ 95, అది చివరి బైట్ లెక్కలోకి వస్తుంది, రెండూ కలిపి ఎగిరిపోయాయి.

రాత్రిబడి
మరి ఛార్జీలు, ఛాయాచిత్రం అన్నీ పాడవ్వాలి కదా అక్కా? మా ఫైళ్లలో ఛార్జీలు అని బోలెడు ఉన్నాయి, ఏమీ కాలేదు.

భద్రకాళి_కట్టమీద
కావు, అందుకే పట్టుకోవడం కష్టం. ఛా లో ఛ తర్వాత దీర్ఘం వస్తుంది, దాని మొదటి బైట్ 224, అది 126 దాటింది కాబట్టి ప్యాటర్న్ కుదరదు. స్వచ్ఛ తర్వాత ఖాళీ వదిలి తెలుగు మాట రాసినా ఏమీ కాదు. మాట ఛ తో ముగిసి వెంటనే ఆస్కీ గుర్తు ఉంటేనే దెబ్బ. స్వచ్ఛ తర్వాత చుక్క పెట్టి పీడీఎఫ్ అని ఉంటే చుక్కతో పాటు పీ కూడా పోతుంది. పైథాన్ స్ట్రింగ్ మీద నడిపేవాళ్లకు ఈ బాధ లేదు, అక్కడ ఛ ఒకే అక్షరం. బైట్ల మీద నడిపేవాళ్లు 233 ముక్క కోసేయండి, యూటీఎఫ్-8లో నడిచే సిస్టమ్‌లో దాన్ని పంపే ప్రోగ్రామ్ నాకు ఇంతవరకు తగల్లేదు.

పాత_టెర్మినల్
ఇది తెలియదు. నా పాత స్క్రిప్ట్‌లు వెతుక్కోవాలి ఇప్పుడు.

రాత్రిబడి
నాది ఇంకో బాధ. డౌన్‌లోడ్ ప్రోగ్రెస్ బార్ ఉన్న లాగ్‌లో కోడ్‌లన్నీ తీసేశాక ఒకే లైనులో 1% 2% 3% అని వందదాకా బారుగా వస్తోంది.

కాజీపేట_జంక్షన్
అది రెజెక్స్‌తో అయ్యే పని కాదు. ప్రోగ్రెస్ బార్ అంటే కర్సర్‌ను లైను మొదటికి తెచ్చి పాతదాని మీద కొత్తది రాయడం. కోడ్ తీసేస్తే ఆ మీద రాయడం పోయి అన్నీ వరుసగా మిగులుతాయి. చివరికి తెర మీద ఏం కనిపించిందో అదే కావాలంటే పైథాన్‌లో పైట్ అని లైబ్రరీ ఉంది, మెమరీలోనే టెర్మినల్‌లా నడుస్తుంది, దానికి మొత్తం తినిపించి తెరను చదువుకో. స్క్రిప్ట్ కమాండ్‌తో రికార్డ్ చేసిన సెషన్లకూ అదే దారి.

ముక్కలు ముక్కలుగా చదివేవాళ్లు ఇంకోటి చూసుకోండి, 4096 బైట్ల ముక్క చివర ఎస్కేప్ ఉండి మిగతాది తర్వాతి ముక్కలోకి పోతే ఏ ప్యాటర్న్ అయినా రెండు చోట్లా వదిలేస్తుంది. లైను లైనుగా చదివితే సరిపోతుంది.

కరీంనగర్_నైట్‌షిఫ్ట్
నోడ్ (జావాస్క్రిప్ట్) వాళ్లు సొంతంగా రాసుకోవద్దు, 16.11 వెర్షన్ నుంచి యుటిల్ మాడ్యూల్‌లోనే స్ట్రిప్ వీటీ కంట్రోల్ క్యారెక్టర్స్ అనే ఫంక్షన్ ఉంది. ప్యాకేజీ వాడాల్సి వస్తే వెర్షన్ చూసుకోండి, ఆన్సీ-రెజెక్స్ ప్యాకేజీలో కావాలని తయారు చేసిన టెక్స్ట్ ఇస్తే మ్యాచింగ్ బాగా నెమ్మదించే లోపం 2021లో బయటపడింది, భద్రతా లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2021-3807. తర్వాత సరిచేశారు, పాత లాక్ ఫైళ్లలో పాతదే కూర్చుని ఉంటుంది.

మడికొండ_లాస్ట్‌బస్
పాత_టెర్మినల్ అన్న ఇచ్చిన ప్యాటర్న్ పెట్టాను, ఫైల్లో ఎస్కేప్ బైట్ ఒక్కటి కూడా మిగల్లేదు. అసలు స్క్రిప్టే ఫైల్లోకి రాసేటప్పుడు రంగులు పంపకుండా ఉంటే ఈ తిప్పలే లేవు కదా, అది ఎలా?

కాజీపేట_జంక్షన్
మంచి ప్రోగ్రామ్‌లు అవుట్‌పుట్ టెర్మినలా కాదా అని తామే చూసుకుంటాయి, గ్రెప్, గిట్ రెండూ ఆటోలో ఉంటే పైప్‌లోకి రంగు పంపవు. నీ స్క్రిప్ట్‌లో ఎవరో రంగు ఆప్షన్‌కు ఆల్వేస్ అని పెట్టి ఉంటారు, అది వెతికి తీసెయ్. అది కుదరకపోతే నో_కలర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు ఏదో ఒక విలువ పెట్టి నడుపు, చాలా టూల్స్ దాన్ని గౌరవిస్తాయి. టీపుట్ మాత్రం దాన్ని పట్టించుకోదు, టీపుట్ లైన్ల చుట్టూ ఇఫ్ నువ్వే పెట్టుకోవాలి.